గడిలో రాయని మాట



తన పేరు ఏ ఫలకం మీదా వేయించవద్దని మాస్టారు పిల్లలకు చెప్పి వెళ్ళారు. ఆ మాట మన్నించి, ఆయన జ్ఞాపకంగా జరిపే ఈ ఉపన్యాసాలను మనం మాస్టారి ఉపన్యాసాలనే పిలుచుకుంటున్నాం. ఈ గదిలో కూర్చున్నవారికి మాస్టారంటే ఒక్కరే. భీమవరం చుట్టుపక్కల జిల్లా పరిషత్తు హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి, రిటైరయ్యాక అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, ఇక్కడి వానల్లో గొడుగు వేసుకుని ఆదివారం ఆదివారం నడిచి వెళ్ళి మన పిల్లలకు ఒత్తులు, గుణింతాలు నేర్పిన మనిషి ఆయన.  మాస్టారికి నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. ఇరవై ఏళ్ళ నాటి బాకీ. దాన్ని ఈ సాయంత్రం మీ అందరి ముందు తీర్చుకోవాలని వచ్చాను.

నేను ఎత్తుకున్న విషయం చూడటానికి చిన్నది. ప్రతిభావంతులైన పిల్లల కోసం నడిపే తరగతుల్లో చేర్చడానికి తల్లిదండ్రులు నింపే ఫారాల్లో, ముఖ్యంగా కొన్ని ప్రైవేటు బడుల ఫారాల్లో, ఒక గడి ఉంటుంది. మీ బిడ్డకు ఏ విషయాలు కష్టంగా ఉంటాయో రాయమని అడుగుతారు. తక్కిన గడులన్నీ గంటలో నింపేసిన తల్లి, ఈ ఒక్క గడి దగ్గర మూడు రాత్రులు ఆగిపోతుంది. ఏం రాస్తే ఏం అనుకుంటారో, రాసింది ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్ళు ఉండిపోతుందో తెలియని భయం. ఆ భయానికి చరిత్ర ఉంది. రెండు దేశాల చరిత్ర అందులో కలిసి ఉంది. దాన్ని విప్పి చూడటమే నేటి నా ప్రయత్నం.

ముందు మనం ఉన్న చోటు సంగతి. 1986లో మైక్రోసాఫ్ట్ ఇక్కడికి తరలివచ్చే నాటికి రెడ్‌మండ్ చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో 73 వేలు దాటింది. ఆ పెరుగుదలలో మనవాళ్ళ వాటా ఎంతో, సాయంత్రం పూట మేరీమూర్ పార్కులో పది నిమిషాలు నడిస్తే చెవులకే తెలుస్తుంది. ఈ ఊరి బడులు లేక్ వాషింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ కిందికి వస్తాయి. ప్రతిభావంతులైన పిల్లల్ని రాష్ట్రం 'హైలీ కేపబుల్' అంటుంది. మన ఇళ్ళలో వినిపించే మాట మాత్రం 'క్వెస్ట్'. ఈ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆ పిల్లల కోసం నడిపే కార్యక్రమానికి పెట్టుకున్న పేరు అది. "మీ వాడు క్వెస్ట్‌లో ఉన్నాడా?" అనే ప్రశ్న మన పుట్టినరోజు పండుగల్లో, సత్యనారాయణ వ్రతాల్లో ఎంత మామూలుగా వినబడుతుందో మీకు తెలుసు. ఆ ప్రశ్న ఎదురైన తల్లి ముఖం ఎలా మారుతుందో కూడా మనలో చాలామంది చూశాం.

వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ 2009లో చేసిన చట్టంతో ఈ తరహా చదువు రాష్ట్రం తప్పక అందించవలసిన మౌలిక విద్యలో భాగమయ్యింది. అంటే ఇది కొందరికి దక్కే బహుమానం కాక, అవసరమున్న పిల్లలకు అందవలసిన చదువుగా మారింది. 2023లో చేసిన మరో చట్టం ప్రకారం, రెండో తరగతి ముగిసేలోగా ఒకసారి, ఆరో తరగతి ముగిసేలోగా ఇంకొకసారి, ప్రతి పిల్లవాణ్ణీ బడే పరిశీలించాలి. ఫారాల సంగతి తెలిసిన తల్లిదండ్రుల పిల్లలకే తలుపు తెరుచుకునే పద్ధతి పోవాలన్నది దాని ఉద్దేశం. ఒకే పరీక్ష మార్కు మీద తేల్చకూడదని, సైకాలజిస్టు గానీ అలాంటి నిపుణులు గానీ ఉన్న బృందం పలు ఆధారాలు చూసి నిర్ణయించాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ నిబంధనల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక చిన్న పదబంధం. ఈ పిల్లల లక్షణాలు వివరిస్తూ, తమకు బలమున్న రంగంలో లేదా రంగాల్లో త్వరగా నేర్చుకోగలవారు అంటుంది. అన్ని రంగాల్లోనూ అనదు. ఎగుడుదిగుడు ఉంటుందని ఆ నిబంధనలే ఊహించాయి. మనమే ఊహించలేకపోతున్నాం.

ఎందుకని? మనం వచ్చిన దారి చూడండి. ఈ గదిలో నలభై దాటిన వాళ్ళలో చాలామంది ఎంసెట్ ర్యాంకుతో బతుకు మొదలుపెట్టినవాళ్ళం. మాస్టారి శిష్యుల్లో కొందరు అంతకుముందే, 1970ల మొదట్లో సర్వేల్‌లో, తాడికొండలో, కొడిగెనహళ్ళిలో పెట్టిన గురుకులాలకు ప్రవేశపరీక్ష రాసి వెళ్ళినవాళ్ళు. ఆ పరీక్షల వల్ల బాగుపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కూలి చేసుకునేవారి బిడ్డకూ కలెక్టరు కొడుక్కూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చిన ఆ పద్ధతిని నేను చులకన చేయను. అయితే ఆ పద్ధతిలో మనిషి ఒక్క అంకెగా మారతాడు. ఆ అంకెకు ఇటు బలం, అటు బలహీనత అని రెండు పార్శ్వాలు ఉండవు. లోపం ఏదైనా ఉంటే అది మార్కుల్లో కోతగా కనబడుతుంది, అంతకు మించి దాని గురించి ఎవరూ ఎవరినీ అడగరు. అడగని దేశం నుంచి అడిగే దేశానికి వచ్చాం. అడిగినప్పుడు మనకు తోచేది ఒక్కటే: ఇది కూడా మార్కులు కోసే ప్రశ్నే అయివుంటుందని.

దీనికి తోడు ఇంకో అలవాటు మన రక్తంలో ఉంది. బిడ్డకు స్నానం చేయించి, పౌడరు రాసి, బుగ్గ మీద కాటుకతో చుక్క పెడతాం. నిండుగా ఉన్న ముఖానికి మన చేతులతో మనమే ఒక లోపం కల్పిస్తాం, దిష్టి తగలకుండా. ఎవరైనా పిల్లవాణ్ణి మెచ్చుకుంటే "మా వాడికేం వచ్చండీ, ఉత్త మొద్దు" అనేది కూడా ఆ చుక్కలాంటిదే. ఇంత ధారాళంగా బిడ్డను తక్కువ చేసి మాట్లాడే జాతి, నిజమైన ఇబ్బంది ఉన్నచోట మాత్రం పెదవి విప్పదు. నత్తి ఉందని, చూపు మందమని, మాటలు ఆలస్యమయ్యాయని పక్కింటివారికి తెలియనివ్వదు. రేపు పెళ్ళి సంబంధాల దాకా పోతుందేమోనని ఆ తల్లి ఆలోచన అప్పుడే పాతికేళ్ళు ముందుకు పరిగెత్తుతుంది. దిష్టి చుక్కను చెరపకముందే ఎవరైనా చూడాలి. అసలు మచ్చను ఎవరూ చూడకూడదు. అందుకే ఫారంలో ఆ గడి ఎదురైనప్పుడు మన దగ్గర రెండే రకాల మాటలు ఉంటాయి. ఒకటి మర్యాద కోసం తక్కువ చేసి చెప్పడం, రెండు మౌనం. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మూడో మాట మనం నేర్చుకోలేదు.

ఇక్కడ అమెరికా చరిత్ర, అంతకుముందు ఫ్రాన్స్ చరిత్ర కొంచెం తడమాలి. తెలివిని కొలిచే పరీక్షలు అసలు ఎందుకు పుట్టాయి? ప్రతిభావంతుల్ని ఏరడానికి మాత్రం పుట్టలేదు. 1904లో ఫ్రెంచి ప్రభుత్వం, మామూలు తరగతుల్లో వెనకబడుతున్న పిల్లల విషయం తేల్చమని ఒక సంఘం వేసింది. ఆ సంఘంలో సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్‌తో కలిసి 1905లో ముప్పై చిన్న చిన్న పనుల వరుస ఒకటి తయారుచేశాడు. ఏ పిల్లవాడికి ఎక్కడ సాయం కావాలో తెలుసుకోవడం దాని పని. తెలివి పుట్టుకతో బిగుసుకుపోయిన వస్తువని బినే నమ్మలేదు. అలా నమ్మేవారి నిరాశావాదాన్ని 1909లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా ఖండించాడు. మరో రెండేళ్ళకే, 1911లో, పోయాడు. అంటే ఈనాడు మన పిల్లలు రాసే ఈ పరీక్షలన్నింటి ముత్తాత, పిల్లల ఇబ్బందిని సానుభూతితో వినడానికి పుట్టినవాడు.

అతని కొలబద్ద అట్లాంటిక్ దాటాక చేతులు మారింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లూయిస్ టర్మన్ 1916లో దాన్ని అమెరికా పిల్లలకు తగినట్టు మార్చాడు. 1921లో కాలిఫోర్నియా బడుల నుంచి దాదాపు పదిహేను వందల మంది అత్యంత తెలివైన పిల్లల్ని ఎంచి, వాళ్ళ జీవితాంతం వెంట నడిచే పరిశోధన మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో లోకానికి ఒక మూఢనమ్మకం ఉండేది. తెలివైన పిల్లలు అర్భకులు, పిచ్చివాళ్ళు, త్వరగా పండి త్వరగా రాలేవాళ్ళు అని. టర్మన్ దాన్ని అంకెలతో పడగొట్టాడు. వీళ్ళు ఆరోగ్యంలోనూ నడతలోనూ తోటివారికి తీసిపోరని చూపించాడు. అది మంచి పనే. కానీ ఒక నమ్మకాన్ని పడగొడుతూ మరో నమ్మకానికి పునాది వేశాడని నా అభిప్రాయం. ప్రతిభావంతుడంటే అన్నివిధాలా నిండుకుండ, ఎక్కడా తొణకడు, ఎక్కడా పగులు ఉండదు అనే బొమ్మ ఒకటి తయారయింది. ఈనాటికీ మన ఇళ్ళ గోడలకు వేలాడుతున్నది ఆ బొమ్మే. ఆ ఎంపికలో పరీక్ష రాసి నెగ్గక వెనక్కి వెళ్ళిన ఇద్దరు కుర్రవాళ్ళు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తరవాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు అందుకున్నారు, ఒకరు 1956లో, ఒకరు 1968లో. జల్లెడ కన్నాల సంగతి చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

టర్మన్ గురించి ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. మంచి విత్తనం, చెడ్డ విత్తనం అని మనుషుల్ని విడదీసిన యూజెనిక్స్ ఉద్యమంలో అతను పాలుపంచుకున్నాడు. తెలివి తక్కువని పరీక్షలో తేలినవాళ్ళు పిల్లల్ని కనకూడదనే వాదం అది. ఆ వాదం దూరాన ఎక్కడో జరిగింది అనుకోవద్దు. మనం ఉన్న ఈ వాషింగ్టన్ రాష్ట్రం 1909లోనే, దేశంలో ఇండియానా తరవాత రెండోదిగా, బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు చట్టం చేసింది. మొదట అది కొందరు నేరస్తులకు పరిమితం. 1921లో చేసిన కొత్త చట్టం దాన్ని ప్రభుత్వ సంస్థల్లో ఉన్న, 'మందబుద్ధులు' అని ముద్రపడిన వారి దాకా తీసుకొచ్చింది. 1942లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసేదాకా అది ఉంది. ఒక కాగితం మీద ఒక లోపం పేరు రాస్తే ఒక మనిషి వంశం ఆగిపోయిన కాలం ఈ నేల మీద నడిచింది. కాబట్టి, ఆ గడి ముందు ఆగిపోయే తల్లిని పిరికిదానివి అనడానికి నాకు నోరు రాదు. రికార్డు అంటే భయపడటానికి కారణం ఉంది.

ఇదే రాష్ట్రంలో తరవాత జరిగింది కూడా మనం తెలుసుకోవాలి. ఈ ఉపన్యాసానికి గుండెకాయ అనుకుంటే ఈ భాగమే అనుకోండి. 1960ల చివరికి కూడా వాషింగ్టన్‌లో వైకల్యమున్న పిల్లలు ఎందరో బడి గడప తొక్కలేదు. మీ బిడ్డ మా బడికి పనికిరాడు అని చెప్పే అధికారం బడికి ఉండేది. ఇవలిన్ చాప్‌మన్, కేటీ డోలన్, సిసిల్ లిండ్‌క్విస్ట్, జానెట్ టగార్ట్ అనే నలుగురు ఆడవాళ్ళు దీనికి తలవంచలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో లా చదువుతున్న ఇద్దరు కుర్రవాళ్ళను, జార్జ్ బ్రెక్‌ను, విలియం డుసాల్ట్‌ను తోడు చేసుకుని తామే ఒక చట్టం ముసాయిదా రాసుకున్నారు. ఏ బిడ్డనూ వదలకుండా ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడి చదువు చెప్పితీరాలని అందులో ఉంది. ఆ ముసాయిదా పట్టుకుని శాసనసభ్యుల గదుల చుట్టూ తిరిగారు. 1971లో ఆ బిల్లు చట్టమయ్యింది. దేశం మొత్తానికి అలాంటి చట్టం రావడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టింది. అధ్యక్షుడు ఫోర్డ్ దాని మీద సంతకం చేసింది 1975 నవంబరులో.

ఆ ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న ఆయుధం ఏమిటి? తమ ఇళ్ళలో పెరిగిన, తాము దగ్గరగా ఎరిగిన పిల్లల ఇబ్బందులు. అంతకుముందు తరాల తల్లులు గదుల్లో దాచుకున్న విషయాన్నే వీళ్ళు సభల్లో వివరంగా చెప్పారు. ఈ బిడ్డకు ఇది రాదు, కనుక బడి ఇది చేయాలి అన్నారు. 1921లో శిక్షకు ఆధారమైన మాట, 1971లో హక్కుకు ఆధారమయ్యింది. మాట ఒక్కటే. దాన్ని వినే చట్టం మారింది, చెప్పే గొంతు మారింది. రెండోది మారకపోతే మొదటిది మారేదే కాదని నేను నమ్ముతాను. తల్లిదండ్రులకు బిడ్డ బడి రికార్డును చూసే హక్కు, తప్పుంటే సరిదిద్దమని అడిగే హక్కు 1974 నాటి ఫెడరల్ చట్టంతో వచ్చాయి. రాసిన మాట మన చేయి దాటిపోతుందని భయపడేవారు ఆ చట్టం ఉందని గుర్తుంచుకోవాలి.

అయితే మా పిల్లలు తెలివైనవాళ్ళు కదా, వైకల్యాల మాట మాకెందుకు అని ఎవరైనా అనుకుంటే, అక్కడికే వస్తున్నాను. అపారమైన తెలివీ, చదవడంలోనో రాయడంలోనో దృష్టి నిలపడంలోనో గట్టి ఇబ్బందీ ఒకే బిడ్డలో కలిసి ఉండవచ్చు. ఇక్కడి విద్యావేత్తలు అలాంటి పిల్లల్ని 'ట్వైస్ ఎక్సెప్షనల్' అంటారు. ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. తెలివి ఇబ్బందిని కప్పితే, పిల్లవాడు మామూలుగా లాక్కొస్తాడు, లోపల ఎంత అలసిపోతున్నాడో ఎవరికీ తెలియదు. ఇబ్బంది తెలివిని కప్పితే, మొద్దు అంటారు. రెండూ సమానంగా కప్పుకుంటే అసలు ఆ బిడ్డ ఎవరికీ కనబడడు. పిల్లల తెలివిని కొలిచే వెక్స్లర్ పరీక్ష, 2014లో వచ్చిన ఐదో కూర్పులో, ఐదు రకాల సామర్థ్యాలను విడివిడిగా చూస్తుంది. మాటల్లో ఆలోచించడంలో శిఖరాన ఉన్న బిడ్డ, వేగంగా గుర్తులు రాసే పనిలో నేల మీద ఉండటం అరుదేమీ కాదు. రెంటినీ కలిపి సగటు తీస్తే శిఖరమూ పోతుంది, లోయా పోతుంది. అందుకే ఆ వేగపు మార్కును పక్కనపెట్టి చూడవచ్చని ప్రతిభావంతులైన పిల్లల కోసం పనిచేసే ఇక్కడి జాతీయ సంఘం సూచించింది. తెలివి బాగా ఉన్నంత మాత్రాన ప్రత్యేక సాయానికి అనర్హులని తోసిపుచ్చకూడదని ఫెడరల్ విద్యాశాఖ కూడా 2015లో రాష్ట్రాలకు గుర్తుచేసింది.

మన చరిత్రలోనూ ఈ లోయ కనబడుతుంది. కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో శ్రీనివాస రామానుజన్‌కు వచ్చిన స్కాలర్‌షిప్పు, లెక్కలు తప్ప మరేమీ పట్టించుకోనందున పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా పారిపోయి ఆయన చేరింది మన విశాఖపట్నం. తరవాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలోనూ ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు. అన్ని సబ్జెక్టులూ సమానంగా రావాలనే నియమానికి ఆయనలో ఉన్నది కనబడలేదు. కనబడింది 1910 చివరి రోజుల్లో, నెల్లూరులో. అక్కడి కలెక్టర్ రామచంద్రరావుగారు మాసిన బట్టలతో నోట్‌బుక్కులు చంకలో పెట్టుకు వచ్చిన ఆ యువకుణ్ణి కూర్చోబెట్టి, తనకు అర్థమయ్యే మేరకు నెమ్మదిగా విన్నారు. నెలకు 25 రూపాయలు పంపే ఏర్పాటు చేశారు. పరీక్షల్లో తప్పినవాడని తెలిసే చేశారు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరాన్ని రామానుజన్ ఎలా మొదలుపెట్టాడో చూడండి. తాను మద్రాసు పోర్టు ట్రస్టులో ఏడాదికి 20 పౌన్ల జీతం మీద పనిచేసే గుమాస్తానని, విశ్వవిద్యాలయం చదువు తనకు లేదని ముందే చెప్పుకున్నాడు. ఆ తరవాతే సూత్రాలు. తనకు లేనిదేదో చెప్పి, ఉన్నదాన్ని చూడమన్నాడు.

మాస్టారు పుట్టిన ప్రాంతంలోనే, భీమవరంలో, 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఈ కథలు మనం పిల్లలకు చెబుతూనే ఉంటాం, ఓడినా గెలవవచ్చని. నాకు మాత్రం ఆ కథల్లో గెలుపు కంటే మధ్యలో పోయిన సంవత్సరాలే ఎక్కువ కనబడతాయి. విశాఖపట్నం స్టేషనులో దిగిన ఆ పదిహేడేళ్ళ కుర్రవాడి మనసు ఎలా ఉండి ఉంటుందో ఎవరం చెప్పలేం. నెల్లూరు కలెక్టరు ఎదురుపడని రామానుజన్‌లు ఎందరో కూడా.

ఇప్పుడు నా బాకీ సంగతి. ఇది మా అబ్బాయి అనుమతి తీసుకుని చెబుతున్నాను. బిడ్డ ఇబ్బంది ముందుగా బిడ్డ సొత్తు. పెద్దవాడయ్యాక దాన్ని నలుగురిలో చెప్పాలంటే అడిగి తీరాలి.

2004లో వాడికి ఆరేళ్ళు. ఒక బడి ఫారం నా ముందు ఉంది. కష్టంగా ఉండే విషయాల గడిలో, తాను చేసే పని ఎంత బాగా వచ్చినా తృప్తిపడడు అని రాశాను. లోపం రాసినట్టు ఉండాలి, అదీ గుణంలాగే కనబడాలి. అలా రాయమని నాకు ఒక స్నేహితురాలు చెప్పింది, ఆమెకు ఇంకెవరో చెప్పారు. ఆ ఆదివారం మాస్టారు నన్ను తరగతి అయ్యాక ఆపారు.

"అమ్మా, వీడు పద్యం ఒక్కసారి వింటే అప్పజెబుతున్నాడు. బోర్డు మీది నాలుగు మాటలు చూసి రాయమంటే చెయ్యి వణుకుతోంది. అక్షరాలు గీత దాటిపోతున్నాయి. బద్ధకం కాదు, నేను చాలామందిని చూశాను. ఆ బడివాళ్ళతో ఒక మాట చెప్పు."

నాకు కోపం వచ్చింది. పెద్దాయన కాబట్టి పైకి అనలేదు. "చిన్నపిల్లాడు కదా మాస్టారూ, వచ్చేస్తుంది లెండి" అని వచ్చేశాను. ఆయన మళ్ళీ ఎత్తలేదు. తరవాతి వారం నుంచి వాడి ముందు కాగితం బదులు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో రాయించడం మాత్రం నేను చూశాను. అక్షరాభ్యాసం రోజున రాయించినట్టు.

వాడికి సీటు వచ్చింది. మిఠాయిలు పంచాం. రెండేళ్ళు లెక్కలతో, మాటలతో నెట్టుకొచ్చాడు. నాలుగో తరగతిలో పేజీలకు పేజీలు రాసే పని మొదలయ్యింది. రాత పని ఉన్న రోజు పొద్దున్నే కడుపు నొప్పి అనేవాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, పొట్టలో ఏమీ లేదన్నారు. నటిస్తున్నాడు అనుకున్నాను. ఆ మాట వాడితో అన్నాను కూడా. ఆ ఏడాది చివర పరీక్ష చేయిస్తే డిస్‌గ్రాఫియా అని తేలింది. మెదడులో ఉన్న ఆలోచన చేతి వేళ్ళ దాకా వచ్చి అక్షరంగా మారడంలో ఇబ్బంది. కీబోర్డు మీద రాసుకోనిచ్చారు, సమయం పెంచారు. ఆ బడి టీచరు నాతో అన్న మాట ఒకటే: ముందే చెప్పివుంటే బాగుండేది. ఆమె తప్పేమీ లేదు. చెప్పవలసిన మనిషి ఆమె ముందు కూర్చుని ఉంది.

ఆ తరవాత ఈ ఊళ్ళో ఎందరో తల్లిదండ్రులు తమ ఫారాలు నాకు చూపించారు. చదివినకొద్దీ ఒక విషయం నాకు స్పష్టమయ్యింది. మనం రాసేవన్నీ తీర్పులు. మొండివాడు, సిగ్గరి, ఏకాగ్రత లేదు. తీర్పు చదివినవారికి పిల్లవాడు కనబడడు, ఒక ముద్ర కనబడుతుంది. మధ్యలో ఆట ఆపమంటే ఏడుస్తాడు, ఐదు నిమిషాల ముందు చెబితే తనే ఆపేస్తాడు, అని రాస్తే పిల్లవాడు కనబడతాడు. వాడితో ఎలా మెలగాలో కూడా కనబడుతుంది. ఆ రెండో సగం తల్లిదండ్రులకు తప్ప లోకంలో మరెవరికీ తెలియదు. ఆరేళ్ళు పక్కన పడుకుని, తినిపించి, జ్వరాల్లో మేలుకుని సంపాదించిన విద్య అది. ఏ సైకాలజిస్టూ రెండు గంటల్లో దాన్ని రాబట్టలేడు.

రోగాల పేర్లు మనం పెట్టనక్కరలేదు. ఇంటి గొడవలన్నీ అక్కడ పరచనక్కరలేదు. చెప్పకుండా ఉండే హక్కు కుటుంబానికి ఉంది, దాన్ని నేను గౌరవిస్తాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం అనే సంగతిని మాత్రం దయచేసి ఆ గడిలో రాయకండి. అలా రాసిన ఫారాలు చేతిలో పట్టుకుని నేను చాలాసేపు కూర్చుండిపోయిన రోజులున్నాయి. రెండు భాషలు మోసే బిడ్డ బలహీనుడని ఎవరు చెప్పారు మనకు? అలాగే పరీక్షకు ముందు నెలల తరబడి వంటింటి బల్ల మీద నమూనా ప్రశ్నలు చేయించే తల్లిదండ్రులకూ ఒక మాట. వచ్చిన మార్కు ఆ అభ్యాసానిది. బడి తలుపు లోపల రోజూ కూర్చునేది మాత్రం బిడ్డ.

నిజం చెబితే సీటు పోదా అని మీరు అడుగుతారు. పోవచ్చు. పోదని ఈ వేదిక మీంచి మాట ఇవ్వలేను. చదివేవారందరూ రామచంద్రరావుగారిలా కూర్చోబెట్టి వినకపోవచ్చు. ప్రైవేటు బడికి ఎవర్ని తీసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఉంది. ప్రభుత్వ బడుల్లో అయితే నిర్ణయం మీద అప్పీలు చేసుకునే దారి నిబంధనల్లోనే ఉంది, వాడుకోవాలి. కానీ చెప్పకుండా తెచ్చుకున్న సీటులో మా వాడు రెండేళ్ళు ఎలా కూర్చున్నాడో నాకు తెలుసు. ఆ రెండేళ్ళలో వాడు తన గురించి తాను ఏమనుకున్నాడో ఈమధ్యే, ఇరవై ఏడేళ్ళ వయసులో, నాకు చెప్పాడు. ఆ మాట వాడిది, ఇక్కడ చెప్పను.

మాస్టారు పోవడానికి నెల ముందు చూడటానికి వెళ్ళాను. ఆనాటి సంగతి ఎత్తబోయాను. చెయ్యి ఎత్తి వారించి, మా వాడు ఏం చేస్తున్నాడో అడిగి తెలుసుకున్నారు. కాబట్టి ఆయనకు ఇవ్వవలసిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఈ ఉపన్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు, పాత కాగితాల్లో ఉన్న ఆ ఫారం నకలు తీసి, ఆ గడిలో ఏం రాసి ఉండవలసిందో ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాను. అది చదివి కూర్చుంటాను.

"మా అబ్బాయి విన్నది మరచిపోడు. పద్యమైనా కథైనా ఒకసారి చాలు. పెన్సిలు పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోతాయి, పది నిమిషాలకు చెయ్యి నొప్పి అంటాడు. చూసి రాయమంటే అక్షరాలు గీత దాటతాయి. నోటితో చెప్పమంటే ఆగకుండా చెబుతాడు. తెలుగు నేర్పే మాస్టారు బియ్యంలో వేలితో రాయిస్తున్నారు, అలా అయితే కుదురుగా వస్తోంది. తప్పు వస్తుందేమోనని కాగితాన్ని చేత్తో కప్పుకుంటాడు, అప్పుడు చెయ్యి తీయమని గట్టిగా అనకండి, పక్కన కూర్చుంటే తనే తీస్తాడు. రాయవలసిన రోజు పొద్దున కడుపు నొప్పి అంటాడు. అది అబద్ధం కాదు."